ఆర్విల్ టోపీలోని లింకన్

ఆర్విల్ స్టబ్బిన్స్ ఏదైనా చెప్పబోయే ముందు టోపీ తీస్తాడు. బావిలోకి తొంగి చూసినట్టు దాని లోపలికి చూస్తాడు. మళ్లీ నెత్తిన పెట్టుకుంటాడు. అప్పుడు అంటాడు: "లింకన్ అన్నట్టు..."

ఆ తర్వాత ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. పంటి నొప్పి గురించి రావచ్చు, పిల్ల పెళ్లి గురించి రావచ్చు. ఇల్లినాయ్‌లో బెల్ ప్రెయిరీ అనే చిన్న ఊరికీ చుట్టుపక్కల పొలాలకీ ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరయిన మనిషి అతడు. ప్రతి గడపా తెలుసు, ప్రతి కుక్కా తెలుసు. కానీ అతని నోట సొంత మాట ఒక్కటి విన్నవాళ్లు లేరు. అన్నీ లింకన్ మాటలే.

ఒకరోజు పొద్దున డాట్ హోటల్లో మెర్ల్ గాస్కిన్స్ తల పట్టుకుని కూర్చున్నాడు. కొత్త ట్రాక్టరు కొన్నాడు, అది కదలనంటోంది. ఆర్విల్ టోపీ తీశాడు, చూశాడు, పెట్టుకున్నాడు.

"లింకన్ అన్నట్టు, కొత్త ట్రాక్టరు కొన్నవాడు మొదటి ఏడు దాన్ని తుడుస్తాడు, రెండో ఏడు తిడతాడు, మూడో ఏడు దాంతో దున్నుతాడు."

పక్క బల్ల దగ్గర మార్లిస్ ఎకర్ట్ గుడ్డు తింటూ ఆగిపోయింది. ఆమె ఊరి లైబ్రేరియన్. మిల్వాకీ నుంచి వచ్చి రెండేళ్లయింది. ఆధారం లేని వాక్యం వింటే, తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లను చూసినట్టు ఆమెకు కంగారు.

"లింకన్ కాలంలో ట్రాక్టర్లు లేవండీ," అంది.

"అదే కదా గొప్ప," అన్నాడు ఆర్విల్. "లేకముందే చెప్పాడు."

"నిజమేనమ్మా," అన్నాడు మెర్ల్. "ఆ మాట మా ఇంట్లో గోడ మీద పటంలో కూడా ఉంది. మా నాన్న కట్టించాడు."

పటం ఉందంటే ఇక మాట్లాడటానికేముంది. హోటలంతా తల ఊపింది. డాట్ కాఫీ పోస్తూ, "వినమ్మా, వింటే పోయేదేముంది," అంది. మార్లిస్ గుడ్డు చల్లారిపోయింది.

బెల్ ప్రెయిరీకి లింకన్ మీద ఉన్న హక్కల్లా ఒక వాన. లాయరుగా గుర్రం మీద ఊరూరి కోర్టులకు తిరిగే రోజుల్లో ఆయన ఈ ఊరి కోర్టు వసారా కింద నలభై నిమిషాలు తలదాచుకున్నాడని చెబుతారు. గుర్రాన్ని కట్టిన మేకు చూపిస్తారు. ఆ నలభై నిమిషాల పుణ్యాన ఊళ్లో ఒక బ్యాంకుకూ, బట్టలుతికే దుకాణానికీ, రెండు కుక్కలకూ ఆయన పేరు వచ్చింది. అప్పుడు ఆయన పక్కన నిలబడ్డవాడు ఆర్విల్ ముత్తాత. ఆ వసారాలో విన్న మాటలే తాత నుంచి తండ్రికీ, తండ్రి నుంచి ఆర్విల్‌కూ వచ్చాయని ఊరి నమ్మకం. ఆర్విల్ ఔననలేదు, కాదనలేదు.

మార్లిస్ ఒక నోటు పుస్తకం పెట్టి, ఊళ్లో చలామణిలో ఉన్న లింకన్ మాటలన్నీ ఎక్కించింది. రెండు వందల పన్నెండు తేలాయి. నలభై చేత భాగించింది. నిమిషానికి ఐదుకు పైన. అంత వేగంగా మాట్లాడే మనిషికి గుర్రం ఎక్కే తీరిక ఎక్కడిది?

ఈ లెక్క తీసుకెళ్లి జెనీవా ప్రూయిట్‌కు చూపించింది. ఊరు పుట్టి నూట యాభై ఏళ్లయిన సందర్భంగా జరగబోయే ఉత్సవాల కమిటీకి జెనీవా అధ్యక్షురాలు. ఆమె లెక్కను పైనుంచి కిందికి చూసింది.

"వాన ఇంకాసేపు పడి ఉంటుంది," అంది.

అక్కడితో పోయేదే. కానీ కమిటీ లైబ్రరీ ముందు రాతి బెంచీ వేయించాలనుకుంది. దాని మీద లింకన్ మాట చెక్కించాలనుకుంది. ఆర్విల్ చెప్పిన వాటిలోంచి ఒకటి ఎంచుకుంది: "తలుపు వేసే ముందు ఒకసారి వీధిలోకి చూడు. ఎవరైనా పరిగెత్తుకొస్తూ ఉండొచ్చు."

రాష్ట్ర చరిత్ర శాఖ వాళ్ల నియమం ఒకటుంది. రాతి మీద ఒకరి మాట చెక్కాలంటే అది నిజంగా ఆ మనిషిదేనని ఊరి లైబ్రేరియన్ సంతకం పెట్టాలి. రాయి చెక్కే మనిషి శుక్రవారం వస్తాడు.

మార్లిస్ మూడు వారాలు సంపుటాలు తిరగేసింది. లింకన్ ఉత్తరాలు, ఉపన్యాసాలు, వాదించిన కేసులు అన్నీ చూసింది. బురద దొరికింది, బంధువులు దొరికారు, తలుపు దొరకలేదు. చిక్కేమిటంటే ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. సాయంత్రం ఐదింటికి లైబ్రరీ తాళం వేయబోతూ, తనకు తెలియకుండానే వీధిలోకి చూడటం మొదలుపెట్టింది. రెండుసార్లు నిజంగానే ఎవరో పరిగెత్తుకొచ్చారు.

సంతకం పెడితే ఆ బెంచీ ఉన్నంత కాలం అబద్ధం తన పేరు మీద ఉంటుంది. పెట్టకపోతే మిగతా రెండు వందల పదకొండు మాటల సంగతేమిటని ఊరు అడుగుతుంది. డెబ్భై ఆరేళ్ల మనిషి ఉత్సవాల ముందు అందరిలో అబద్ధాలకోరు అవుతాడు. ఏది తక్కువ తప్పో ఆమెకు తేలలేదు. బుధవారం మధ్యాహ్నం నేరుగా అతని ఇంటికే వెళ్లింది.

ఆర్విల్ వసారాలో కూర్చుని మొక్కజొన్న కండెలు ఒలుస్తున్నాడు. టోపీ మోకాలి మీద ఉంది.

"రా అమ్మాయ్. కూర్చో. ఒక కండె అందుకో."

ఆమె కూర్చుని కండె అందుకుంది. "ఆర్విల్, ఒక్క మాట అడుగుతాను. మీ ముత్తాత నిజంగా లింకన్ పక్కన నిలబడ్డారా?"

"నిలబడ్డాడు. అది నిజం."

"లింకన్ మాట్లాడాడా?"

"మాట్లాడాడు. నలభై నిమిషాల్లో ఒక్క మాట అన్నాడట."

మార్లిస్ చేతిలో కండె ఆగిపోయింది. "ఏమన్నాడు?"

"'ఈ వాన తగ్గేలా లేదు' అన్నాడట."

కాసేపు ఇద్దరూ కండెలు ఒలిచారు.

"మరి ఈ రెండు వందల పన్నెండూ?" అంది మార్లిస్.

ఆర్విల్ టోపీ తీసి ఆమె ఒడిలో పెట్టాడు. ఇన్నాళ్లూ ఊరంతా ఆ టోపీని బయటి నుంచే చూసింది. లోపల తోలు పట్టీ వెంబడి చిన్న చిన్న చీటీలు కుక్కి ఉన్నాయి. పాత కవర్ల అంచులు చింపి పెన్సిలుతో రాసినవి.

"ఇవి ఈ వారానివి," అన్నాడు. "మిగతావి లోపల బూట్ల డబ్బాల్లో ఉన్నాయి. లింకన్ కూడా ఒకప్పుడు పోస్టుమాస్టరే కదా. ఉత్తరాలు టోపీలో పెట్టుకుని తిరిగేవాడంటారు. ఆ ఒక్క విషయంలో ఆయన్ను కాపీ కొట్టాను."

ఆమె ఒక చీటీ విప్పింది. నెల్ బాస్విక్, గుడ్లావిడ, 1961 మార్చి 9. కింద ట్రాక్టరు మాట.

"ఇది నెల్ మాటా?"

"వాళ్లాయన ట్రాక్టరు కొన్నప్పుడు గేటు దగ్గర నిలబడి అంది. ఎంత బాగుందో చూడు. వెళ్లి మెర్ల్ వాళ్ల నాన్నతో నెల్ పేరు చెప్పే అన్నాను. గుడ్లమ్ముకునే ఆవిడకి ట్రాక్టర్ల సంగతేం తెలుసన్నాడు. పది రోజులాగి అదే మాట లింకన్ అన్నాడన్నాను. పటం కట్టించాడు."

"ట్రాక్టరని ఆయనకి అనుమానం రాలేదా?"

"ఎవరికీ రాలేదు. నువ్వే మొదటిదానివి. నువ్వు అడిగిన రోజు నాకు చెమటలు పట్టాయి."

మార్లిస్ టోపీ అంచు పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ కూర్చుంది. "తలుపు మాట ఎవరిది?"

"రోజ్ టిబెట్స్‌ది. మీ లైబ్రరీలోనే నలభై ఏళ్లు చీపురు పట్టింది. నువ్వు రాకముందే పోయింది. కొత్తగా వచ్చిన ప్రతి లైబ్రేరియన్‌కీ తాళం చేతిలో పెడుతూ ఆ మాట చెప్పేది. వాళ్లు గడియారం చూసేవాళ్లు, ఆవిడ వీధి చూసేది."

"చీటీ ఉందా?"

"ఉంది. తేదీతో సహా."

తేదీతో సహా అన్న మాటకు, అంత గందరగోళంలోనూ, మార్లిస్ ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణం మళ్లీ కూలబడింది. "నేను లింకన్ అని సంతకం పెట్టలేను, ఆర్విల్."

"పెట్టకు."

"అందరూ మిమ్మల్ని అబద్ధాలకోరంటారు."

"అననీ. డెబ్భై ఆరేళ్లకి ఆ మాత్రం బిరుదు లేకపోతే ఎలా?" అతను కొత్త కండె తీసుకున్నాడు కానీ ఒలవలేదు. "రేపటి నుంచి వీళ్ల మాటలు ఎవరూ వినరు. నా బాధ అదీ. పాపం, లింకన్ కోటు వేసుకుని ఇన్నాళ్లూ మంచి మంచి ఇళ్లలోకి వెళ్లొచ్చారు. ఆ కోటు విప్పేస్తే మళ్లీ గేటు దగ్గరే నిలబడాలి."

గురువారం సాయంత్రం నాలుగింటికి లైబ్రరీలో కమిటీ కూర్చుంది. జెనీవా, మెర్ల్, డాట్, బ్యాంకు మేనేజరు. గోడవార కుర్చీలో టోపీ ఒడిలో పెట్టుకుని ఆర్విల్. మార్లిస్ లేచి నిలబడింది. సంతకం పెట్టాల్సిన కాగితం ఆమె చేతిలో ఇంకా ఖాళీగానే ఉంది.

"ఈ మాట లింకన్‌ది కాదు," అంది. "దీని కోసం మూడు వారాలు పుస్తకాలు తిరగేశాను. మాట ఎవరిదో తెలియాలంటే పుస్తకం తెరిచే ముందు వీధి చివర అడగాలి. నాకు ఆ సంగతి తోచలేదు. ఇది రోజ్ టిబెట్స్ మాట."

"రోజ్ ఎవరు?" అంది జెనీవా.

"ఇక్కడ నేల తుడిచిన మనిషి."

డాట్ మెల్లగా అంది, "రోజ్ నాకు తెలుసు. మా అమ్మ చచ్చిపోయిన ఏడు మంచులో పుస్తకం తిరిగివ్వడానికి వచ్చాను. ఐదు దాటిపోయింది. తలుపు తీసే ఉంచింది."

"నాకూ ఒకసారి తీసింది," అన్నాడు బ్యాంకు మేనేజరు. "వేడి పాలు కూడా ఇచ్చింది."

"అదంతా సరే," అంది జెనీవా. "మిగతావి? మిగతావన్నీ లింకన్‌వేనా, కాదా?"

అందరూ గోడ వైపు తిరిగారు. ఆర్విల్ టోపీలోకి చూశాడు. ఈసారి నెత్తిన పెట్టుకోలేదు. లేచి వెళ్లి జెనీవా ముందు బల్ల మీద పెట్టాడు. దాని పక్కన ఒక బూట్ల డబ్బా పెట్టాడు.

తర్వాత అరగంట కమిటీ సమావేశంలా లేదు, పోయిన సామాను వెతుక్కునేవాళ్ల గుంపులా ఉంది. మెర్ల్ తన చీటీ దొరికించుకుని రెండుసార్లు చదివాడు.

"అంటే మా నాన్న గుడ్లావిడ మాటకి పటం కట్టించాడా?"

"మంచి చట్రమే వేయించాడు," అన్నాడు ఆర్విల్.

జెనీవాకు దొరికిన చీటీ చూసి ఆమె ముఖం ఎర్రబడింది. 'ఇంటికొచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టు, తర్వాత తప్పులెంచు.' ఆ మాటను ఆమె లింకన్ పేరుతో దిండు గలీబు మీద స్వయంగా కుట్టుకుంది. చీటీ మీద ఉన్న పేరు ఐనా ప్రూయిట్. జెనీవా అత్తగారు. ఎనభై ఎనిమిదేళ్లు, మూడిళ్ల అవతల ఉంటుంది. ఇద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

"తొమ్మిదేళ్లుగా," అంది జెనీవా, "తొమ్మిదేళ్లుగా ఆవిడ మాట మీద తల పెట్టుకుని పడుకుంటున్నాను."

"నిద్ర బాగా పట్టిందా?" అంది డాట్.

"బాగానే పట్టింది. అదే నాకు అర్థం కావడం లేదు." ఆమె చీటీని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. "నన్ను ఏం చెయ్యమంటావు ఆర్విల్? ఆ దిండు ఆవిడకి చూపించనా, దాచెయ్యనా? లింకన్..." అని ఆగిపోయింది.

"లింకన్‌కి అత్తాకోడళ్ల సంగతి తెలియదు," అన్నాడు ఆర్విల్. "ఐనాని అడుగు."

ఊరికి తెలిసినంత వరకు సలహాగా అతని నోట వచ్చిన మొదటి సొంత మాట అదే.

ఓట్లు తీసుకోనక్కరలేకపోయింది. కింద ఏమని చెక్కాలని జెనీవా అడిగింది. రోజ్ టిబెట్స్, ఈ లైబ్రరీలో పనిచేసింది, అంది మార్లిస్. సంతకం పెట్టింది. ఆధారం అన్న చోట తేదీతో సహా చీటీని జతచేసింది. ఆ ఉద్యోగంలో అంత గట్టి ఆధారం ఆమెకు ఎప్పుడూ దొరకలేదు. ఐదయింది. తాళం వెయ్యబోతూ ఆరుగురూ కలిసి వీధిలోకి చూశారు. ఎవరూ రావడం లేదు. అయినా కాసేపు నిలబడ్డారు.

మర్నాడు పొద్దున డాట్ హోటల్ నిండుగా ఉంది. అప్పటికే సంగతి ఊరంతా పాకింది. తెలియనివాడు ఒక్కడే. పియోరియా నుంచి వచ్చిన విత్తనాల ఏజెంటు, ఎవరి చిరునామా కోసమో జేబులు వెతుకుతూ విసుక్కుంటున్నాడు. ఈ ఊళ్లో ఎవరూ దారి సరిగ్గా చెప్పరన్నాడు. మ్యాపు చూస్తే అదీ తప్పన్నాడు.

ఆర్విల్ టోపీ తీశాడు. లోపలికి చూశాడు. పెట్టుకున్నాడు. చెంచాలు ఆగిపోయాయి.

"లింకన్ అన్నట్టు," అన్నాడు, "పుస్తకం తెరిచే ముందు వీధి చివర అడగాలి."

కాఫీకి మార్లిస్ నోరు కాలింది. మెర్ల్ పళ్లెంలోకి వంగిపోయాడు. డాట్ వెనక్కి తిరిగి, శుభ్రంగా ఉన్న బల్లనే మళ్లీ తుడవసాగింది.

ఏజెంటు చుట్టూ చూశాడు. "నిజంగా లింకన్ అన్నాడా?"

అందరూ లైబ్రేరియన్ వైపు చూశారు. మార్లిస్ కప్పు కింద పెట్టింది.

"నేను సరిచూశాను," అంది.

ఏజెంటు గౌరవంగా కాగితం రుమాలు ముందుకు లాక్కుని, రాసుకోవడానికి ఏదైనా ఉందా అన్నట్టు జేబులు తడుముకున్నాడు. ఆర్విల్ చెవి మీది పెన్సిలు తీసి అతని చేతిలో పెట్టాడు.