ఏడో నంబరు సంతకం

నాందేడ్ శివారులోని ఆ లేఅవుట్‌లో మరాఠీలో అర్జీ రాయించుకోవాలంటే వెంకట్రాములు ఇంటికే పోవాలి. నాయ్‌గావ్ కచేరీలో ముప్ఫయ్యేళ్లు సిపాయిగా, అంటే బంట్రోతుగా చేసి దిగిపోయిన మనిషి. గుమాస్తా కాకపోయినా గుమాస్తాలు కుళ్లుకునేంత కుదురైన చేతిరాత. కర్ఖేలి, కుండల్‌వాడి వైపు పల్లెల నుంచి కూలికి వచ్చి, చిన్న ప్లాట్లు కొనుక్కున్న కుటుంబాలు అక్కడ ఎక్కువ. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ. అందుకే వాళ్లకో పద్ధతి ఏర్పడింది: తెల్లకాగితం అడుగున ముందు సంతకం పెట్టేసి పనికి పోతారు, పైన రాత వెంకట్రాములు తీరిగ్గా రాసుకుంటాడు. ఆ పద్ధతి నేర్పిందీ అతనే. దీన్ని నమ్మకం అంటారు గానీ, సగం తీరికలేకపోవడమే.

మొన్న ఎండాకాలంలో అలాంటి కాగితం పట్టుకుని అతను ఇరవైమూడు గడపలు తిరిగాడు. లేఅవుట్ నడుమ అందరి కోసం వదిలిన ఖాళీ జాగాలోకి పందులు దూరుతున్నాయి, ప్రహరీ కట్టించమని కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాలి. అందులో అబద్ధమేమీ లేదు. సంతకాలు పూర్తయిన మర్నాడు విలాస్ అనే వ్యాపారి వచ్చాడు. అదే జాగాలో చుట్టూ వలలు, పైన పెద్ద దీపాలు పెట్టి, గంట లెక్కన అద్దెకిచ్చే క్రికెట్ టర్ఫ్ నడపాలని అతని ఆలోచన. ఇళ్ల నడుమ అలాంటిది పెట్టాలంటే ప్లాటుదార్ల సమ్మతి కావాలి.

"కాకా, సంతకాలు మీ దగ్గర తయారుగనే ఉన్నయట గదా. పైన రాత నేను టైపు చేయిస్త. గోడ గూడ నేనే కట్టిస్త. పోరలు ఆడుకుంటరు."

పిల్లలు, ఆట, ఆరోగ్యం అనే మాటలు వినపడితే చాలు, మనవాళ్లు ఎదురుప్రశ్న మానేస్తారు. వెంకట్రాములు ఆ మాటలకు పడలేదు. "ఉద్ఘాటనకు అధ్యక్షులు మీరే" అని ప్రారంభోత్సవానికి పిలిచినందుకు పడ్డాడు. ముప్ఫయ్యేళ్లు ఎవరెవరి సత్కారాలకో శాలువా, కొబ్బరికాయ ఉన్న పళ్లెం మోసి పక్కన నిలబడ్డ మనిషి. కాగితం ఇచ్చేశాడు. శాలువా కప్పారు, ఫోటో తీశారు. నాలుగు రోజులు ఫోన్‌లో అదే చూసుకున్నాడు.

ఇప్పుడక్కడ పొద్దున ఐదింటికే కేకలు మొదలవుతాయి. టర్ఫ్‌ను ఆనుకున్న ఇల్లు పార్వతీబాయిది. ఆమె భర్త నర్సన్నకు పక్షవాతం, ముందుగదిలో మంచం మీదే ఉంటాడు. బంతి వచ్చి పైరేకుల మీద పడ్డప్పుడల్లా ఉలిక్కిపడి ఏడుస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం పార్వతీబాయి వెంకట్రాములు ఇంటికి వచ్చి గడప దగ్గర కూచుంది.

"అన్నా, ఒక అర్జీ రాయాలె."

"దేనికి?" అన్నాడు, తెలిసే.

"గా ఆటదాని మీద. శుక్రారం కార్పొరేషన్‌ల అడిగచ్చిన. గా జాగ అందరిది, తాళమేసి కిరాయికి ఇయ్యరాదట. కాని మీరంతా ఒప్పుకున్నరు గదా అన్నడు సాహెబు. కాయిదం చూపెట్టిండు. ఏడో నంబరు నా సంతకమే."

వెంకట్రాములు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఎన్నడు పెట్టిన్నో యాదికి అస్తలేదన్నా. రెండు దినాల సంది గదే సోంచాయిస్తున్న. అత్తకు మతి తప్పుతుందని మా కోడలు దేవకి నవ్వుతది. నిజమే కావచ్చు. మీ బావకు మందు గోలీలు ఇచ్చుడు గూడ కోడలికే అప్పజెప్పిన, నేను ఒకటికొకటి ఇస్తనేమోనని." మళ్లీ తనే అంది: "అర్జీల గట్లనే రాయి. ముసల్దాన్ని, మరిచి సంతకం పెట్టిన, మాఫ్ చెయ్యుండ్రి అని."

అలా రాసిన అర్జీ ఏ కట్టలో పడి మగ్గుతుందో అతనికి బాగా తెలుసు. ఎన్నో మోశాడు. అయినా తను గౌరవంగా బయటపడే దారి అది, ఆమే చూపిస్తోంది. మూడు వరుసలు రాశాడు. నాలుగో వరుసలో 'మాఫ్' అనే మాట రావాలి. చెయ్యి సాగలేదు. కాగితం చించేసి ఇంకోటి తీసుకున్నాడు. ఈసారి ఆపకుండా రాసి, తెలుగులో చదివి వినిపించాడు: ఈ సంతకం పందులు రాకుండా గోడ కావాలంటే పెట్టినది. పెట్టినప్పుడు పైన ఏమీ రాసి లేదు. ఆ కాగితాన్ని టర్ఫ్ వాళ్లకు ఇచ్చినవాడు వెంకట్రాములు.

"నీ మతి బాగనే ఉన్నది చెల్లె" అన్నాడు.

పార్వతీబాయి చించేసిన కాగితం ముక్కల వైపు చూసింది.

"నేను అచ్చి కూసున్నప్పుడే నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి మూడు వరుసలు రాసేదాంక ఎందుకాగినవ్?"

అతను పెన్ను ఆమె వైపు జరిపాడు. "సంతకం పెట్టు. రేపు నేను గూడ అస్త, సాహెబు ముందటనే చెప్త."

ఆమె పెన్ను ముట్టుకోలేదు. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. "జిరాక్స్ దుకాణామెతోని సదివిచ్చుకోని పెడత" అంటూ లేచింది.

సోమవారం కార్పొరేషన్ కచేరీ తెరవకముందే వెళ్లి అతను బెంచీ మీద కూచున్నాడు. పదకొండింటికి పార్వతీబాయి వచ్చింది. బెంచీ మీద చోటుంది. ఆమె నిలబడే ఉంది.