పళ్ళెం అంచున బొట్టు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, ఎండాకాలం మొదలు. నారాయణగూడలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ, మేడ మీద ఫిజిక్స్ ల్యాబ్. నేనక్కడ అటెండర్‌ని. ఏడో తరగతితో చదువు ఆపిన దాన్ని. సామాను తుడవడం, సర్దడం, అందించడం, లెక్క కుదరక ఏడ్చే పిల్లకు మంచినీళ్ళివ్వడం, ఇదీ నా పని.

అప్పట్లో తూకానికి ఫిజికల్ బ్యాలెన్స్ ఉండేది. గాజు పెట్టెలో చిన్న త్రాసు అనుకోండి. ఊపిరి తగిలినా ముల్లు కదులుతుంది, అందుకే గాజు తలుపులు. ముందు ఖాళీ పళ్ళాలతో ముల్లును ఊగనిచ్చి, అది ఎక్కడ నిలబడుతుందో లెక్కగట్టాలి. దాన్ని రెస్టింగ్ పాయింట్ అంటారు. ఆ తర్వాతే తూకం. నేను ఫ్యాన్లు ఆపేసేదాన్ని. వాగుడుకాయల్లాంటి పిల్లలు కూడా ముల్లు వైపే చూస్తూ నోరు మూసుకునేవాళ్ళు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ పిల్లల్లో రేణుక ఒకతి. వాళ్ళది మహబూబ్‌నగర్ వైపు. తండ్రి తాపీ పని, తల్లి అదే పనిలో ఇటుకలు మోసేది. అశోక్‌నగర్ దగ్గర బస్తీలో కిరాయికి ఒక గది. అంతకుముందు ఏడు ప్రాక్టికల్‌లో ఆ పిల్ల చేతులు వణికి తప్పింది. ఈసారి పరీక్ష రోజు నన్ను మెట్ల మీదే పట్టుకుంది.

"అక్కా, ఈసారి గూడ తప్పితే సదువు బంద్ అన్నడు మా నాయిన. మల్ల తట్ట మోసుడే."

"ముల్లును జూసి వణుకుతవేందే? అదేమన్న తేలు ముల్లా?" అన్నాను. నవ్వింది, కానీ అరచేతులు తడిగా ఉన్నాయి.

పరీక్ష సగంలో బల్లల మధ్య తిరుగుతుంటే నా చూపు ఒకచోట ఆగింది. రేణుక బ్యాలెన్స్‌లో ఎడమ పళ్ళెం అంచున ఎర్రటి చుక్క. బొట్టు! తలనూనె అంటిన వేలితో అద్దిన కుంకుమ. పక్క బల్ల దగ్గరే ఎక్స్‌టర్నల్ సార్, అంటే వేరే కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన ఆయన. చూశాడంటే ఈ పిల్ల పని అయిపోయినట్టే. పళ్ళాలు తుడిచే మెత్తటి బ్రష్ నా చేతిలోనే ఉంది. గాజు తలుపు తీశాను.

"ముట్టకు అక్కా!" అంది రేణుక. గొంతు చిన్నదే, కానీ నా చెయ్యి ఆగిపోయింది. "ఆ బొట్టు తుడిస్తే నా లెక్క మొత్తం ఖరాబైతది."

"ఏమిటి గుసగుసలు?" సార్ వచ్చేశాడు. పెట్టెలోకి తొంగి చూశాడు. "బ్యాలెన్స్‌కి బొట్టా? ఇది ల్యాబా, గుడా?"

"ల్యాబే సార్. పనిల దిగే ముందు మా నాయిన తాపీకి బొట్టు పెడ్తడు. మా అమ్మ నాకు ఎల్లమ్మ కుంకుమ ఇచ్చి పంపింది."

"మరి ఆ కుంకుమకి బరువుండదా?"

"ఉంటది సార్. బొట్టు పెట్టినంకనే రెస్టింగ్ పాయింట్ తీసిన. దాని బరువు ఆడనే లెక్కల కలిసింది. ఇప్పుడు అక్క తుడిస్తేనే తప్పొస్తది."

సార్ రేణుక లెక్కల కాగితం అందుకున్నాడు. పళ్ళాలు ఖాళీ చేయించి, తలుపు మూసి, తానే ముల్లును వదిలాడు. అది అటూ ఇటూ ఊగింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. లెక్క చూసుకుంటే, రేణుక కాగితం మీద రాసిన చోటుకే వచ్చింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని నా వైపు తిరిగాడు. "అమ్మా, ముందు ఆ బ్రష్ కింద పెట్టండి."

రేణుక పాసైంది. రిజల్ట్ రోజు చిక్కడపల్లి నుంచి మిర్చీ బజ్జీలు తెచ్చి, తినేదాకా నన్ను వదల్లేదు.

ఇప్పుడు ల్యాబ్‌లో డిజిటల్ తూకాలు వచ్చాయి. పళ్ళెం మీద ఏమున్నా సరే, ఒక బటన్ నొక్కితే అంకెలు సున్నాకి వస్తాయి. ఊగే ముల్లూ లేదు, ఊపిరి బిగబట్టడమూ లేదు. పాత బ్యాలెన్స్‌లు బీరువా ఎక్కాయి. దసరాకి వాటిని దించి, దుమ్ము దులిపి, బొట్లు పెడతాను. ఒకదానికి మాత్రం ఎడమ పళ్ళెం అంచునే.

ఏ పిల్లయినా తన భయాన్నో, భక్తినో, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇంకో దాన్నో పట్టుకుని ల్యాబ్‌లోకి వస్తే, నా చెయ్యి ఇప్పుడు బ్రష్ మీదికి పోదు. ముందు అడుగుతాను: "బిడ్డా, దీన్ని లెక్కల కలుపుకున్నవా?"