ఒంటికాలి గ్లాసులు, ఒక చెంబు నీళ్లు

ఆ రోజుల్లో మా కేజీఎఫ్ బంగారు గనుల కార్మికుల లైన్లలో ఇంటికి మనిషి వస్తే ముందు ఒక గ్లాసు మంచినీళ్లు, ఆ తర్వాత కాఫీ, మరీ కావలసినవాడైతే ఒక గోలీ సోడా. అంతటితో మర్యాద పూర్తయ్యేది, వచ్చినవాడూ తృప్తిగా పోయేవాడు. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో చూసి గాజు సీసాల్లో పుదీనా, నిమ్మచెక్కలు ముంచి, వాటి నెత్తిన కాగితపు గొడుగులు గుచ్చి, "అవ్వా, ఇట్లాంటివి మీ కాలంలో యాడన్నా చూసినావా?" అని అడుగుతుంది. చూడటమేమిటే పిచ్చిమొహమా, చేశాను. ఊరంతా నోరు తెరుచుకుని చూసేటట్టు చేశాను. ఆ ముచ్చట తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక మాత్రం లేచి పోయి కడవలో నీళ్లున్నాయో లేదో చూసుకుంటాను.

ఈ విద్య నాకు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన దొరల బంగళాలో బేరర్. గనులు గవర్నమెంటు చేతికి వచ్చాక దొరలు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుని పోతూ, మోసుకుపోలేనివన్నీ నౌకర్లకు పంచి పోయారు. ఒకరికి కుర్చీ, ఒకరికి కుక్క. మా నాన్నకు ఒక చెక్కపెట్టె నిండా సన్నటి కాడ మీద నిలబడే గాజు గ్లాసులు. (ఆ కుర్చీ మాకు వచ్చి ఉంటే బాగుండేదని మా అమ్మకు చివరిదాకా ఉండేది.) మేము వాటిని ఒంటికాలి గ్లాసులు అనేవాళ్లం. ప్రతి క్రిస్మస్‌కూ నాన్న వాటిని పాత పంచె ముక్కతో తళతళా తుడిచి, వాటిలో ద్రాక్షరసం పోసి మాకిచ్చేవాడు. ఏ రంగు మీద ఏ రంగు నిలుస్తుందో, చెంచా వీపు మీదుగా ఎలా పోస్తే రెండూ కలిసిపోవో, గాజు మీద వేలిముద్ర పడకుండా ఎక్కడ పట్టుకోవాలో అన్నీ నేర్పాడు. చుట్టం ముందు కంటితో తాగాలి, తర్వాత నోటితో తాగాలి అనేవాడు. బంగళాలో ఒట్టి నీళ్లు గుర్రాలకు తప్ప ఎవరికీ పెట్టేవాళ్లు కారని కూడా అనేవాడు. ఈ రెండో మాట నేను ఎంత గట్టిగా నమ్మానో తర్వాత మీకే తెలుస్తుంది.

నేను చర్చిలో పాటలు పాడే పిల్లను. మా ఆయన బూదికోట దగ్గరి పల్లె నుంచి వచ్చి షాఫ్టులో ఎలక్ట్రీషియన్‌గా చేరినవాడు, వాళ్ల ఇంట్లో వారానికి ఒక దేవుడికి పూజ. మా ఇద్దరికీ ఎలా కుదిరిందో ఇక్కడ చెప్పను, ఇది మనవలు కూడా చదువుతారు. పెళ్లికి మా అత్తమ్మ రాలేదు. రాలేదు గాని, శాపనార్థాలూ పెట్టలేదు. కొడుకు పల్లెకు పోయినప్పుడల్లా నా ఒంట్లో ఎలా ఉందని అడిగేది, వేరుశనక్కాయలు, అనపకాయలు మూటగట్టి పంపేది. మా గడప మాత్రం తొక్కలేదు. నా చేతి పచ్చి గంగ కూడా ఆమె ముట్టదని ఆ పల్లెలో అందరికీ తెలుసు. మా ఆయన దాన్ని పైకి ఎప్పుడూ అనేవాడు కాదు. తల్లి పంపిన వేరుశనక్కాయలు ఒలుస్తూ ఒలుస్తూ, తినకుండా చేతిలోనే పెట్టుకుని కూర్చునేవాడు. నాకు కోపం వచ్చేది, ఆయన మీదా కాదు, ఆమె మీదా కాదు, ఆ వేరుశనక్కాయల మీద.

అటువంటిది, కంపెనీ మాకు సొంతంగా ఒక క్వార్టర్ ఇచ్చినప్పుడు, ఇంట్లో చిన్న పార్టీ పెడుతున్నాం రమ్మని మా ఆయన తల్లిని అడిగితే, ఆమె సరేనంది. "వస్తాలేరా. తినేది తాగేది అప్పుడు చూస్తాం" అందట. అప్పుడు చూస్తాం అన్న ఆ ఒక్క మాట పట్టుకుని మా ఆయన రెండు రోజులు ఇంట్లో ఈల వేస్తూ తిరిగాడు. "అమ్మ నీ చేత్తో ఒగ గుక్క ఏమన్నా తాగితే చాలే. నాకు ఇంగేమీ వద్దు" అన్నాడు. నేను అప్పుడే నిశ్చయించుకున్నాను. ఆమె వద్దనడానికి వీల్లేని వస్తువు చేయాలి. చూడగానే చెయ్యి దానంతటదే ముందుకు రావాలి.

ఇంక చూడండి నా హడావిడి. మా నాన్న పెట్టెతో దిగాడు, మడతపెట్టి దాచుకున్న తెల్లకోటుతో సహా. అడుగున ఎర్రటి రోజా షర్బతు, మధ్యలో తేనె కలిపిన నిమ్మరసం, పైన ఆకుపచ్చ వట్టివేరు సోడా. గ్లాసు అంచుకు చక్కెర అద్దాలి. ఐసు ఒట్టి ఐసు అయితే నామోషీ గనక, అందులో పన్నీరు రోజా రేకు ఉండాలి. ఫ్రిజ్ అనేది మా లైన్లో ఎవరూ ఎరగరు. అందుకని ఇడ్లీ రేకుల్లో నీళ్లు పోసి, గుంటకొక రోజా రేకు వేసి, పుల్లైసు చేసే దుకాణానికి మోసుకుపోయాను. ఆ దుకాణం ఆయన రేకులను తిప్పి తిప్పి చూసి, "ఇడ్లీని ఉడకబెడతారు గదమ్మా, గడ్డ కట్టిస్తారా?" అని అడిగాడు. మూడు దఫాలు అక్కడికీ ఇంటికీ తిరిగాను.

ఇక్కడ నీళ్ల సంగతి చెప్పాలి. మా వీధి కొళాయికి తెల్లవారి కాసేపు నీళ్లొస్తే మళ్లీ మర్నాడే. నాకు దొరికింది రెండు కడవలు. ఒక కడవ గ్లాసులు కడగడానికీ, షర్బతులకూ, ఐసుకూ ఐపోయింది. రెండో కడవ మూల పీట మీద ఉంది. పార్టీకి గంట ముందు, అన్నీ అమర్చుకుని గదిని ఒకసారి కలయజూస్తే, అంత రంగుల మధ్య ఆ కడవ ఒక్కటే బోసిగా కనిపించింది. నాన్న చెప్పిన గుర్రం మాట గుర్తొచ్చింది. రోజా షర్బతు సీసాలో మిగిలినదంతా అందులో కుమ్మరించి, నిమ్మచక్రాలు వేసి, మెడకు కనకాంబరాల దండ చుట్టాను. అబ్బ, ఎంత బాగుందో ఆ కడవ. నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగు గంటలకు మా ఆయన గ్యాంగు వచ్చింది. అందులో పెద్దవాణ్ణి అందరూ బ్లాస్టింగ్ మామ అనేవాళ్లు. మందుగుండు పేల్చి పేల్చి చెవులు దొబ్బాయి, ఆయన గుసగుస చెబితే వీధి చివరకు వినిపించేది. పక్కింటి వడక్క కూడా వచ్చింది. ఆమె వడలు చేసి అమ్మే తమిళ మనిషి, చెయ్యి ఎంత గట్టిదో మనసు అంత మెత్తన. వాళ్లందరూ గ్లాసులు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్లాస్టింగ్ మామ నా దగ్గరికి వచ్చి, ఇది ఏ సరుకమ్మా అని గుసగుసగా (అంటే అందరికీ వినబడేటట్టు) అడిగాడు. నిమ్మకాయ మామా అన్నాను. ఆయన కన్ను కొట్టి, "అట్లే చెప్పుమ్మా. అత్త వస్తా ఉండాది గదా" అన్నాడు.

అప్పుడు గాని నాకు తట్టలేదు. మా ఊళ్లో ఒంటికాలి గ్లాసంటే దొర, దొరంటే మందు. తరాలుగా బంగళా కంచె సందుల్లోంచి చూసి నేర్చుకున్న పాఠం అది. మా ఇంట్లో ఏటేటా ద్రాక్షరసం తాగి పెరిగిన నాకొక్కదానికే ఆ పాఠం అంటలేదు. నేను ఎంత అందంగా చేస్తే వాళ్లకు అది అంత ఖరీదైన సరుకు. బ్లాస్టింగ్ మామ మూడో గ్లాసు అయ్యేసరికి గోడకు జారగిలబడి, చిన్నప్పుడు చచ్చిపోయిన తన ఎద్దును తలుచుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నిమ్మరసానికి నిషా ఎక్కిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇద్దరు కుర్రవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊగుతున్నారు.

సరిగ్గా అప్పుడే మా అత్తమ్మ గడపలో నిలబడింది. బూదికోట బస్సు దిగి ఎండలో నడిచి వచ్చింది. నుదుటి కుంకుమ చెమటకు కారి ఉంది. మా నాన్న తెల్లకోటు గుండీలు సర్దుకుని, పళ్లెంలో మూడు రంగుల గ్లాసు పెట్టుకుని, బంగళాలో వంగినట్టు నడుము వంచి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె గ్లాసును చూసింది, గోడ దగ్గర ఏడుస్తున్న మనిషిని చూసింది.

"ఏంరా," అంది కొడుకుతో, "పట్టపగలే మందు పోస్తా ఉండారా?"

"మందు కాదుమా, నిమ్మకాయ నీళ్లు."

"నిమ్మకాయ నీళ్లు తాగి ఎవురన్నా ఎద్దు కోసం ఏడుస్తారా?"

కన్నెపిల్లగా ఉన్నప్పుడు ఆమె వాళ్లమ్మతో కూరగాయల గంపెత్తుకుని ఆ బంగళాలకే వచ్చేదట, ఒంటికాలి గ్లాసులో ఏముంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా. మా ఆయన తన తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. నేను ఏడుపు మొహంతో చాప పరిచాను. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. చాప మీద కూర్చుంది, కొంగుతో మొహం తుడుచుకుంది, నావైపు నిదానంగా చూసింది.

"నాకు ఈ రంగులన్నీ వద్దుమ్మా. ఎండన పడి వచ్చినాను. నీ చేత్తో ఒగ గ్లాసు నీళ్లియ్యి."

బ్లాస్టింగ్ మామ ఎద్దును వదిలేసి ఇటు తిరిగాడు. మా ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. పరిగెత్తి లోపలికి పోయాను. మొదటి కడవ బోర్లించి ఉంది. రెండో కడవ మెడలో దండ వేసుకుని, ఎర్రగా నన్ను వెక్కిరించింది. పంచె గుడ్డలో వడగట్టాను, నిమ్మచక్రాలు పోయాయి గాని రంగు పోలేదు. ఐసు గుర్తొచ్చి చూస్తే రోజా రేకులతో సహా షర్బతు కలిపిన గిన్నెలోనే ఎర్రగా కరిగి ఉంది. సోడా పట్టుకుపోతే ఆమె కడుపుబ్బరమని చేత్తోనే వద్దంది. చిక్కబల్లాపురం నుంచి చిత్తూరు దాకా ఉన్న పానీయాలన్నీ ఆ ఇంట్లో ఉన్నాయి, ఒక గుక్క మంచినీళ్లు లేవు. ఇంటిదాన్నయి ఉండి, దాహమన్న మనిషి ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను.

నా అవస్థ వడక్క కనిపెట్టింది. గబగబా తన ఇంటికి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. నేను చెయ్యి చాచాను. అక్కా ఇటివ్వు అనబోయాను, నోట్లోంచి మాట రాకముందే ఆమె ఆ చెంబును, పాపం మంచికే, నేరుగా మా అత్తమ్మ చేతికిచ్చేసింది. అత్తమ్మ తల పైకెత్తి, గటగటా చెంబు ఖాళీ అయ్యేదాకా తాగింది. మూతి తుడుచుకుని వడక్కతో చల్లగా ఉండు తల్లీ అంది. మా ఆయన పెరట్లోకి పోయాడు.

ఆమె ఇంకాసేపు కూర్చుంది, ఇల్లంతా తిరిగి చూసింది, కోపమేమీ లేదు. బస్సు వేళకు లేచి, గడప దాటుతూ నా చుబుకం పట్టుకుంది. "అంతా బాగా చేసినావుమ్మా. నీళ్లు మరిచినావు, అంతే" అంది.

ఆ తర్వాత ఆమె మోకాళ్లు పట్టేసి మా ఊరికి రాలేకపోయింది. మేమే పల్లెకు పోయేవాళ్లం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాగిముద్ద పెట్టేది, దాహమని అనకముందే తన చేత్తో నీళ్లు ముంచి ఇచ్చేది. నేను ముంచి ఇవ్వబోతే మాత్రం ఇప్పుడు వద్దులేమ్మా అనేది. రెండోసారి నన్ను అడగలేదు. అడగమని అడిగేంత ధైర్యం నాకూ లేకపోయింది. ఆమె పోయిన తర్వాత, మా ఆడబిడ్డ మాటల మధ్యలో చెప్పింది. ఆ రోజు పొద్దున్నుంచీ ఆమె చుక్క నీళ్లు ముట్టలేదట. బస్సెక్కేటప్పుడు చెంబు ఇవ్వబోతే, "వద్దులే, ఈ పొద్దు కోడలి చేతివే తాగాల" అందట.

మా ఆయనకు ఈ సంగతి చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. చెప్పాక ఆయన కాసిని వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పెట్టాడు.

గనులు మూతపడ్డాయి, మేము మాలూరులో కొడుకు దగ్గరికి వచ్చేశాం. ఒంటికాలి గ్లాసుల్లో రెండు మిగిలాయి. మనవరాలు బల్ల మీద తన సీసాలూ గొడుగులూ అమర్చుకున్నాక, నేను పోయి వాటి నట్టనడుమ ఒక పెద్ద చెంబుతో ఒట్టి నీళ్లు పెట్టి వస్తాను. ఫోటో చెడిపోతుందని అది దాన్ని తీసి కింద పెడుతుంది. అది అటు తిరగ్గానే నేను మళ్లీ పైన పెడతాను. ముసలిదానికి చాదస్తమని ఇంట్లో అందరూ నవ్వుతారు, వాళ్లతోపాటు నేనూ నవ్వుతాను. నవ్వుతూనే వీధి తలుపువైపు చూస్తుంటాను, దాహంతో వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని.