కుక్క ముట్టిన తొలి పొంగలి

మా తాతముత్తాతలు కోవిల్‌పట్టి పక్క ఊళ్లకు దొరలు. ఇప్పుడు నేను విరుదునగర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నా, మా ఊరి అమ్మవారి పండక్కి తొలి పొంగలి మాత్రం మా ఇంటిదే. అది నైవేద్యం పెట్టనిదే ఉరుమి డోలు మోగదు, ఆట మొదలవదు.

మొన్న మార్గళి నెల చలిలో నా భార్య పొంగలి వండి గుడి ముందు దించింది. నేను అందరి దండాలూ అందుకుంటూ నిలబడ్డాను. తిరిగి చూసేసరికి మా వేటకుక్క రాజాళి మూతి కుండలో ఉంది. ఈ మర్యాద ఇక వేరే ఇంటికి పోయినట్టే.

"ఆకిలైతే నోరులేని జీవం ఏం సేసును, సామీ?" అంది పూజారి తల్లి గురువమ్మవ్వ. "మళ్లా వండుదాం. ఇంటింటికీ పోయి పిడికెడు బియ్యం అడుగు. బుజాన తుండు ఉండాదే, అది పట్టు."

"నేనా?"

"మరి రాజాళా?" అంది నా భార్య.

ఎన్నడూ ఎవరి ముందూ చాచని తుండు చాచాను. ఒక్క గడప కూడా కాదనలేదు. ఉరుమి మోగింది. ఇన్నాళ్లూ ఆ మర్యాదను నేనే కాపాడుతున్నాననుకున్నాను.

రెండోసారి పొంగలి వండిన ఇత్తడి గుండిగ గురువమ్మవ్వ ఇంటిది. దాని అంచున మా తాత పేరు ఉంది. పొలాల తర్వాత మా నాన్న దాన్నీ అమ్మేశారు.