చెరకు డాక్టరు గారు

తణుకులో నరాల డాక్టరు త్రినాథరాజు గారు స్టెతస్కోపు మర్చిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ, చెరకు గడ లేకుండా ఆసుపత్రికి వచ్చిన రోజు లేదు. నీరసమంటూ ఎవరొచ్చినా ముందు చేతిలో ముక్క పెట్టి "నమలండి" అనేవారు. వెంట వచ్చిన చుట్టాలకీ తప్పేది కాదు.

కాంపౌండరు సత్తియ్యకి ఈ అలవాటంటే ఒళ్ళుమంట. పిప్పి ఊడ్చేది అతనే మరి.

"ఈయన షుగరు పేషెంటండీ" అనేవాడు.

"అయితే నమిలి ఉమ్మెయ్యమను."

"పెద్దాయనకి పళ్ళు లేవండీ."

"గడ విరవమను. చేతుల బలం చూద్దాం!"

వీధి చివర పళ్ళ డాక్టరు రోజూ మన డాక్టరు గారి పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకుంటాడని సత్తియ్య ఊరంతా ప్రచారం చేశాడు.

తొంభై ఎనిమిదిలో, చెరకు ఆడే రోజుల్లో, మంజుష అనే టీచరమ్మ వచ్చింది. పొద్దున్న బాగానే ఉండేది. మధ్యాహ్నం దాటితే రెప్పలు వాలిపోయి మాట ముద్దయ్యేది. ఏ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. అత్తగారు రత్నమాణిక్యం మాత్రం తేల్చేసింది.

"నటనండీ! బడికెళ్ళడానికి ఓపికుంటది, సాయంత్రం పొయ్యి దగ్గరికి రాగానే ఉండదు. ఇదిగో, సంచి సర్దేశాం. ఇటునుంచి ఇటే పుట్టింట్లో దింపేత్తాం."

మంజుష ఏదో చెప్పబోయింది. మాట ముక్కులోంచి వచ్చేసరికి సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సత్తియ్యకి చాలా జాలేసింది. డాక్టరు గారు మాత్రం చెరకు ముక్కలు తీశారు.

"అత్తాకోడళ్ళిద్దరూ పోటీగా నమలండి. అమ్మాయ్, నువ్వు రసం మింగకు, ఉమ్మెయ్."

పోటీ అనగానే రత్నమాణిక్యం కొంగు బిగించింది. మంజుష దవడ మాత్రం కాసేపటికే ఆగిపోయింది. చేత్తో గడ్డాన్ని పైకి నెట్టుకుంది. రెప్పలు పూర్తిగా మూతపడ్డాయి. అత్తగారి నోట్లో చెరకు అలాగే ఉండిపోయింది.

డాక్టరు గారు ఇంజెక్షన్ ఇచ్చారు. కొంతసేపటికి రెప్పలు మెల్లగా లేచాయి.

"అత్తయ్యగారూ" అంది మంజుష, తేటగా.

"మళ్ళీ అను!" అంది రత్నమాణిక్యం.

"అత్తయ్యగారూ!"

"నరం పంపే కబురు కండరానికి సరిగ్గా అందట్లేదండీ. వాడేకొద్దీ సడలిపోద్ది. మయస్థీనియా అంటారు. అరుదైన జబ్బే, కానీ మాత్రలున్నాయి" అన్నారు డాక్టరు గారు.

సత్తియ్య ఉండబట్టలేకపోయాడు. "ఈవిణ్ణి గుమ్మంలో చూడగానే జబ్బు పేరు నా చెవిలో చెప్పి ఇంజెక్షన్ సిద్ధం చెయ్యమన్నారు కదండీ! మరి చెరకెందుకండీ?"

"మాత్రలు మనమిస్తామయ్యా. ఇంట్లోవాళ్ళ నమ్మకం మనమివ్వలేం. కళ్ళారా చూస్తేనే వస్తది."

ఇన్నాళ్ళూ చుట్టాల చేత నమిలించింది ఇందుకా అని సత్తియ్య నోరు తెరిచాడు.

"నిజమేనండీ. నోటితో చెబితే నమ్మేదాన్ని కాదు" అంటూ రత్నమాణిక్యం సంచి తన భుజానికి తగిలించుకుంది. "పదమ్మా, మనింటికి. ఇకనుంచి సాయంత్రం వంట నాది." గుమ్మం దాటుతూ ఆగింది. "పొద్దున్నది మాత్రం నీదే!"