మామయ్యతో ఆదివారం రేసులు

మా మామయ్య పోయారు. ఆ పొద్దున నేను తుర్కపల్లిలోని ల్యాబుకు కంపెనీ క్యాబులో వెళ్తున్నాను. షామీర్‌పేట దాటాక పక్కింటావిడ ఫోన్ చేసింది. "మీ మామ కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడమ్మా. పిలిస్తె పలుకుతలేడు. జల్దీ రా," అంది. డ్రైవరు ఏమీ అడగకుండా బండి వెనక్కి తిప్పాడు. నేను మేడ్చల్ చేరేసరికి అంతా అయిపోయింది.

ఆయన నా భర్తకు తండ్రి. నా భర్త చనిపోయి మూడో ఏడు నడుస్తోంది. అత్తయ్య అంతకుముందే వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. పొద్దున చాయ్, రాత్రి అన్నం. ఒకరి దుఃఖం ఒకరికి కనబడకుండా తిరిగేవాళ్లం.

మాటలు సాగేది ఆదివారం సాయంత్రాలే. పొద్దున చర్చికి వెళ్లొచ్చి, సాయంత్రం మామయ్య టీవీలో ఫార్ములా వన్ కార్ల రేసు పెట్టేవారు. మామయ్య ఇక్కడి ఫ్యాక్టరీలో డీజిల్ ఇంజన్లు పరీక్షించే పని చేసి రిటైరయ్యారు. ఆ మోతకు చెవులు మందగించాయి కనుక మా టీవీ వీధి చివరిదాకా వినిపించేది. డ్రైవర్ల సంగతి ఆయనకు పట్టదు. ఎవరు గెలిచారంటే ఇంజను చేసిన కంపెనీ పేరు చెప్పేవారు.

ఈ ఏడాది రేసు నిబంధనలు మారాయి. కారు శక్తిలో దాదాపు సగం బ్యాటరీ నుంచే రావాలి. కంపెనీలన్నీ కొత్త ఇంజన్లతో దిగాయి. మామయ్య వాటిలో అన్నిటికంటే వెనకబడినదాని పక్షం పట్టారు. అది సగం రేసుల్లో దారిలోనే ఆగిపోయేది.

"గెలిచేటోళ్లను చూడొచ్చు గద మామయ్యా?" అన్నాను.

"గెలిచేటోళ్లకు మనమెందుకు బిడ్డా?" అన్నారు. వెనకబడ్డ కంపెనీలకు ఇంజను బాగుచేసుకునే అవకాశం అదనంగా ఇస్తారని చెప్పింది కూడా ఆయనే. ఆ నిబంధన ఆయనకు మహా నచ్చింది.

మొన్న ఎండాకాలంలో, రేసు నడుస్తుండగా, మా అన్న ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. నాకు మళ్లీ సంబంధం చూశాడట. "ఎన్ని రోజులని గిట్లుంటవ్? ఇగ ఏదో ఒకటి చెప్పు," అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మామయ్య కుర్చీలోంచి లేచారు.

"ఎనకబడ్డ ఇంజన్లకే ఇంకింత టైమిస్తాండ్రు. గీ పిల్లకియ్యరా? పోతనంటె నేనే తోలిస్త. ఉంటనంటె ఇది ఆమె ఇల్లు. గంతే."

అన్నకు ఇంజన్ల సంగతేమిటో అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వాళ్లు వెళ్లాక ఆయన ఎదుట మొదటిసారి ఏడ్చాను. నా ఏడుపు వీధికి వినబడకుండా ఆయన టీవీ సౌండు ఇంకా పెంచి, నావైపు చూడకుండా కూర్చున్నారు. చదివేవారికి ఇది చిన్న విషయమే కావచ్చు. నేను మళ్లీ నిలబడింది దానితోనే.

సమాధి దగ్గర ప్రార్థనలు ముగిశాయి. బంధువులు వెళ్లిపోయారు. పోయిన ఆదివారం నేనొక్కదాన్నే రేసు పెట్టుకున్నాను. ఆ కంపెనీ బాగుచేసిన ఇంజను తెచ్చిందని వ్యాఖ్యాత చెప్పాడు. ఆ కారు ఈసారి ఆగలేదు. పదో స్థానంలో గీత దాటి, ఒక్క పాయింటు తెచ్చుకుంది.

"మామయ్యా, ఉరికింది!" అని పైకే అన్నాను.

తెరమీద ఆ కారు జట్టువాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. వాళ్ల వెనక, గోడ దగ్గర, తల నెరిసిన మెకానిక్ ఒకాయన టైరు మీద ఒంటరిగా కూర్చుని టోపీతో ముఖం తుడుచుకుంటున్నాడు. కెమెరా ఆయన్ని దాటి వెళ్లిపోయింది. మళ్లీ చూపిస్తారేమోనని చాలాసేపు చూశాను.