స్టీలు బేసినూ, సత్యదుర్గ జడా

సత్యదుర్గ జడ చూసి కుళ్లుకోని ఆడది ఉప్పలగుప్తంలో వాళ్ల వీధిలో లేదు. యాభైకి దగ్గరపడినా నడుం దాటే జడ! అందులో ముప్పాతిక వంతు సవరమని ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. కట్టుకున్న అబ్బులుకి కూడా. రొయ్యల చెరువూ, దాని మేతా తప్ప అతనికి ఇంకో ధ్యాస లేకపోవడం ఆవిడ అదృష్టం. పైగా తన నెత్తిన వెంట్రుకన్నది నిలవక ఏళ్లయింది. ఇక ఇతరుల జుట్టు సంగతి అతనికెందుకు?

ఆ సాయంత్రం రాజోలులో ఆవిడ చెల్లెలి కూతురి పెళ్లి. వీధి వీధంతా వస్తోంది. పొద్దున్నే సవరాన్ని కుంకుడురసంతో రుద్ది, పెరట్లో దండెం మీద తువ్వాలు చాటున ఆరేసి, తలంటుకోవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తువ్వాలుంది, సవరం లేదు. తళతళలాడే స్టీలు బేసిన్‌తో అబ్బులు ఉన్నాడు.

"చూసేవా! దండేనికి చిక్కు జుట్టేదో వేలాడతంటే నూకయ్యకిచ్చేను. మారుమాట్లాడకుండా బేసినిచ్చేడే!"

దువ్వుకుంటే రాలిన జుట్టు తీసుకుని, మోపెడ్ మీద తిరుగుతూ గిన్నెలిచ్చేవాడు నూకయ్య.

సత్యదుర్గ చతికిలబడింది. "అది చిక్కు జుట్టు కాదండీ... నా జడ."

అబ్బులుకి వెంటనే బోధపడలేదు. తడి తలకంటుకున్న ఎలకతోకంత జుట్టు చూశాక బోధపడింది. నవ్వలేదు, అదే గొప్ప. బేసిన్ చంకన పెట్టుకుని బయల్దేరాడు. తలకి తువ్వాలు చుట్టుకుని ఆవిడ వెనకాలే పరుగు.

కాలవగట్టున నూకయ్య చుట్టూ ఆడవాళ్లు మూగి ఉన్నారు. అందరికన్నా ముందు పక్కింటి వీరాయమ్మ.

"ఇది రాలిన జుట్టు కాదండమ్మా, కట్టించిన సవరం. ఎవరిదో పాపం!" అని నూకయ్య దాన్ని పైకెత్తి చూపిస్తున్నాడు.

"ఎవరిచ్చేరో చెప్పవయ్యా బాబూ!" అంది వీరాయమ్మ.

సత్యదుర్గ కొబ్బరిచెట్టు చాటున ఆగిపోయింది. నూకయ్య నోరు తెరిస్తే ఇన్నాళ్లు దాచుకున్న పరువు కాలవలో కలిసినట్టే.

"నాదేనండీ," అన్నాడు అబ్బులు.

అందరూ అతని తలకేసి చూశారు. చంకలో బేసిన్‌తో పోటీపడి మెరుస్తోంది.

"మీదా, అన్నయ్యగారూ?"

"ఆయ్. పెళ్లికి పెట్టుకుందారని తెప్పించేను. మా ఆవిడకి తెలీదు, చెప్పకండే."

"జడేసుకుందారనా?" అంది వీరాయమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

"కత్తిరించి అతికించుకుంటానండి. మాకుండవేంటి సరదాలు?"

కాలవగట్టు నవ్వులతో హోరెత్తిపోయింది. అబ్బులు బేసిన్ తిరిగిచ్చి, సవరం కండువాలో చుట్టుకుని, దర్జాగా ఇంటికి నడిచాడు.

పెళ్లిలో సత్యదుర్గ కనకాంబరాల జడ ఊపుకుంటూ పందిరంతా తిరిగింది. ఒక్కరూ చూస్తేనా! అందరి కళ్లూ అబ్బులు గుండు మీదే. ఆవిడకి కాస్త వెలితిగానే అనిపించింది. అయినా భోజనాల దగ్గర తన విస్తట్లో కాజా తీసి అతని విస్తట్లో వేసింది.

"పెట్టుకోలేదేంటి, అన్నయ్యగారూ?" ఎదుటి వరసలోంచి వీరాయమ్మ కేకేసింది.

అబ్బులు కాజా కొరికి, తీరిగ్గా నమిలి చెప్పాడు:

"ఇంకా ఆరలేదండీ."